యార్డు నుంచి సొంత రేవుకు: కొత్త ఓడతో బయలుదేరేవారికి జాగ్రత్తలు

"కొత్త ఓడ కదా అన్నా, భయమేముంది?" ఓడలు కట్టే యార్డు నుంచి ఓడను తెచ్చే పనికి సంతకం చేసిన ప్రతి కుర్రాడూ నన్ను అడిగే మాట ఇదే. నా జవాబు ఎప్పుడూ మారలేదు. కొత్తది కాబట్టే భయపడాలి. కొత్త చెప్పు కాలిని కరిచినట్టు కొత్త ఓడ మనిషిని కరుస్తుంది. ఏ వాల్వు బిగుసుకుపోతుందో, ఏ అలారం నిజం చెబుతుందో, ఏ తలుపు కింద నీరు కారుతుందో ఆ ఓడ మీద ఇంకా ఎవరికీ తెలియదు. పాత ఓడలో దాని గుణం తెలిసిన మనిషి ఒకడైనా ఉంటాడు. ఇక్కడ అందరూ ఆ వారమే ఎక్కినవాళ్లు.

అందులోనూ సరుకు ఫెర్రీల సంగతి వేరు. 2025లో ఐరిష్ సముద్రంలో పనికి చేరిన స్టెనా ఫ్యూచురాను చూడండి. పొడవు 147 మీటర్లు. లారీలనూ ట్రెయిలర్లనూ ఒకదాని వెనుక ఒకటి నిలబెడితే 2,800 మీటర్ల బారు లోపల పడుతుంది. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కూ ఇంగ్లండ్‌లోని హీషమ్‌కూ మధ్య సుమారు ఎనిమిది గంటల దారి, రోజూ అదే దాని పని. కానీ దాన్ని కట్టింది చైనాలోని షాన్‌డాంగ్ ప్రావిన్సులో, వెయ్‌హాయ్ యార్డులో. ఎనిమిది గంటల కోసం పుట్టిన ఓడ, పని మొదలుపెట్టక ముందే సగం భూగోళం చుట్టి రావాలి. తన జీవితకాలంలో మళ్లీ ఎన్నడూ చూడని సముద్రాలను మొదటి ప్రయాణంలోనే చూస్తుంది.

జూన్ నుంచి అక్టోబరు మధ్య బయలుదేరేవారి కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆ నెలల్లో చైనా సముద్రంలో టైఫూన్లు, హిందూ మహాసముద్రంలో నైరుతి రుతుపవనాలు, ఆఫ్రికా కొనను చుట్టి వెళ్తే అక్కడి చలికాలం, మూడూ ఒకే దారిలో ఎదురుకావచ్చు.

కాగితాల గురించి రెండు మాటలే. మిమ్మల్ని పంపే ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు (నావికులను పనికి పంపే అనుమతి) ఉందో లేదో వారి వెబ్‌సైటులో మీరే చూసుకోండి. ఎవరో చూశారని ఊరుకోవద్దు. ఒప్పందంలో ఏ రేవులో దిగుతారు, అక్కడి నుంచి ఇంటికి టికెట్టు ఎవరిది, ప్రయాణం ఆలస్యమైతే జీతం ఎలా అన్న మూడూ అక్షరాలలో ఉండాలి. కొత్త ఓడకు భద్రతా నిర్వహణ సర్టిఫికెట్టు తాత్కాలికంగానే ఇస్తారు, గడువు గరిష్ఠంగా ఆరు నెలలు. దాని తేదీని ఎక్కిన రోజే చూడండి.

యార్డు గోడ వదలక ముందు

కొత్త ఓడ మొదటిసారి పనిలోకి దిగినా, కొత్త సిబ్బంది ఎక్కినా, మంటలార్పే డ్రిల్లు, ఓడ విడిచే డ్రిల్లు బయలుదేరక ముందే చేయాలని సముద్ర భద్రత మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ నియమం. రిజిస్టరులో టిక్కు పెట్టి ముగించవద్దు. కళ్లు మూసుకుని మీ క్యాబిన్ నుంచి, ప్రమాదంలో అందరూ చేరాల్సిన మస్టర్ స్థలం దాకా గోడ తడుముకుంటూ ఒకసారి నడవండి. ఎన్ని మెట్లున్నాయో కాళ్లకు గుర్తుండాలి. పొగలో దీపాలు కనిపించవు.

తరువాత కరెంటు. రేవులో ఉండగానే మెయిన్ స్విచ్‌బోర్డును చీకటి చేసి ఎమర్జెన్సీ జనరేటరు 45 సెకన్లలోపు అందుకుంటుందో లేదో గడియారం పెట్టి చూడండి. యార్డువాళ్లు చూపించారు కదా అంటే కుదరదు, మీ చేతులతో చేయాలి. 2024 మార్చి 26న బాల్టిమోర్ వంతెనను డాలీ ఓడ ఢీకొన్న ఘటనలో ఆరుగురు కూలీలు చనిపోయారు. ఒక సిగ్నల్ వైరు చివర లేబులు అడ్డుపడి, వైరు బిగించే టెర్మినల్లో పూర్తిగా కూర్చోకపోవడం వల్ల కరెంటు పోయిందని దర్యాప్తులో తేలింది. అది యార్డులో మొదలై ఏళ్ల తరబడి దాగి ఉండగల తప్పు. కొత్త ఓడలో వేల టెర్మినళ్లు ఉంటాయి, అన్నీ చూడలేరు. స్టీరింగుకూ జనరేటర్లకూ మెయిన్ బ్రేకర్లకూ సంబంధించిన ప్యానెళ్లనైనా, కరెంటు ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో కలిసి ఒక్కొక్క వైరునూ మెల్లగా లాగి చూడండి. స్టీరింగ్ గేరు గదిలోకి దిగి, అక్కడి నుంచే చుక్కానిని తిప్పడం ప్రతి డెక్ అధికారికీ ఒకసారైనా చేతికి అలవాటు కావాలి.

పైపుల్లో మిగిలిపోయే చెత్త గురించి నేను నొక్కి చెబుతాను, ఎందుకంటే చూశాను. నేను చీఫ్ ఆఫీసరుగా తొలిసారి కొత్త ఓడ ఎక్కిన మూడో రోజు ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో సముద్రపు నీరు నింపే బల్లాస్టు పంపు పీల్చడం మానేసింది. స్ట్రెయినరు మూత నాలుగు బోల్టులు విప్పి జాలిని పైకి తీశాం. అందులో వేలెడంత వెల్డింగు కడ్డీ ముక్కలు గుప్పెడు, ఎర్రటి పెయింటు పొరలు, వాటి మధ్య నూనెలో నానిన ఒక కుడిచేతి గ్లౌజు. ఎవరో పనివాడు పైపు బిగించే ముందు లోపల వదిలేసిన గ్లౌజు అది. ప్రశాంతమైన సముద్రంలో దొరికింది కాబట్టి బతికిపోయాం. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: మొదటి పది రోజులు ప్రతి వాచ్‌లో (డ్యూటీ వంతులో) ఇంధనం, లూబ్ ఆయిల్, బల్లాస్టు, ఓడ అడుగున చేరే నీటిని తోడే బిల్జి స్ట్రెయినర్ల ముందూ వెనుకా ఒత్తిడి తేడా రాసుకోవాలి. జాలిలో మెరిసే లోహపు రవ్వ కనిపిస్తే పారేయకుండా సీసాలో వేసి తేదీ రాసి దాచాలి. అది రేపు యార్డు తరఫు గ్యారంటీ ఇంజినీరుకు చూపాల్సిన సాక్ష్యం. యార్డులో అదనపు ఫిల్టర్లు అడగడానికి మొహమాటపడకండి. గోడ వదిలాక ఎవరూ ఇవ్వరు.

వాల్వుల మీద పేర్లు చైనీసులో ఉంటే సుద్దముక్క తీసుకుని పైపు వెంట నడవండి. ఎక్కడ మొదలైంది, ఏ గోడ దాటింది, ఎక్కడ తేలింది అని చేత్తో తాకుతూ వెళ్లి మీ గుర్తు మీరు వేసుకోండి. డ్రాయింగును నమ్మవద్దని కాదు, డ్రాయింగు తరువాత మార్పులు జరిగి ఉండవచ్చు.

తలుపులూ ర్యాంపులూ. 1987 మార్చి 6న జీబ్రగ్ రేవు బయట హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ముందు తలుపు తెరిచి ఉండగానే బయలుదేరి బోల్తా పడింది, 193 మంది పోయారు. 1994 సెప్టెంబరు 28న ఎస్టోనియా అనే ఫెర్రీ ముందు వైజరు (పైకి లేచే ముందు మూత) అలల దెబ్బకు ఊడిపోయింది, 852 మంది పోయారు. ఇప్పటి ఓడల్లో, ఓడను నడిపే గది అయిన బ్రిడ్జి మీద, తలుపు మూసిందని చెప్పే పచ్చ దీపం, కెమెరా ఉంటాయి. అయినా మొదటి ప్రయాణంలో దీపం చెప్పింది చాలదు. తలుపు మూశాక మనిషి వెళ్లి ప్రతి లాకింగ్ పిన్నునూ కళ్లారా చూసి, రబ్బరు సీలు చుట్టూ హోసుతో నీళ్లు కొట్టించి, లోపల తడి పడుతుందేమో చూడాలి.

ఖాళీ ఓడే ఎక్కువ ఊగుతుంది

డెలివరీకి వెళ్లే ఫెర్రీలో సరుకు ఉండదు, ఉంటే కొద్దిపాటి స్పేరు పార్టుల పెట్టెలు. ఖాళీగా ఉంటే తేలిక అనుకోవడం పొరపాటు. బల్లాస్టు అడుగున నింపిన ఖాళీ రో-రో (లారీలు నేరుగా నడిచి ఎక్కే ఓడ) బిరుసుగా తయారవుతుంది, అటు వంగిన మరుక్షణమే విసురుగా ఇటు లేస్తుంది. గడియారం చూస్తూ ఒక పూర్తి ఊపుకు ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. 25 మీటర్ల వెడల్పున్న ఓడకు పది సెకన్లు వస్తే జీఎమ్ (ఓడ నిలకడకు కొలత, ఎక్కువైతే ఓడ బిరుసు) సుమారు నాలుగు మీటర్లు, 14 వస్తే రెండు. ఊపు వేగంగా ఉంటే గొలుసులు తెగుతాయి, మనుషులు పడతారు. అదే ఊపు ఒకరోజు ఉన్నట్టుండి నెమ్మదిగా, సోమరిగా మారితే ఇంకా పెద్ద భయం. ఎక్కడో ట్యాంకులో నీరు సగం నిండి కదులుతోందేమో, డెక్కు మీదికి నీరు చేరిందేమో వెంటనే వెతకాలి. ప్రతి వాచ్‌లో ఈ సెకన్లను లాగ్ బుక్కులో రాసే అలవాటు చేసుకోండి. ఖర్చు లేని పరికరం ఇది.

బల్లాస్టు అంకెల విషయంలో ఎవరి మాటనూ నమ్మవద్దు. 2019 సెప్టెంబరు 8న అమెరికాలోని బ్రన్స్‌విక్ రేవు నుంచి బయలుదేరిన గోల్డెన్ రే అనే కార్ల ఓడ మలుపు తిరుగుతూనే పక్కకు ఒరిగిపోయింది. స్థిరత్వం లెక్కించే కంప్యూటర్‌లో బల్లాస్టు పరిమాణాలు తప్పుగా వేయడమే కారణమని దర్యాప్తు చెప్పింది. కొత్త ఓడలో గేజీలు ఇంకా సరిదిద్ది ఉండకపోవచ్చు. అందుకే ట్యాంకులో నీటి లోతు కొలిచే సౌండింగు టేపు దింపి, తడిసిన గీత చదివి, ఆ అంకెనే కంప్యూటర్‌లో వేయండి.

స్పేరు పెట్టెలను లారీ డెక్కు మీద ఊరికే పెట్టి "తరువాత కడదాం" అనడం నేను ఒప్పుకోను. గోడకు ఆనించి, రెండు వైపులా గొలుసు వేసి, టర్న్‌బకిల్ బిగించి, మరునాడు ఉదయం మళ్లీ బిగించాలి. కొత్త పెయింటు మీద గొలుసు జారుతుంది కాబట్టి కింద రబ్బరు పరచండి. వంటగదిలోని ఫ్రిజ్‌లు, వర్క్‌షాపులోని లేతు, మెస్సులోని టీవీ కూడా ఈ లెక్కలోనివే.

ప్రయాణంలో యార్డు మనుషులు మిగిలిన వెల్డింగు పని చేస్తుంటే అనుమతి పత్రం లేకుండా ఒక్క నిప్పురవ్వ కూడా లేవకూడదు. గోడకు అవతలి గదిలో కూడా ఒక మనిషి నిలబడాలి. పని ఆగాక కనీసం అరగంట అక్కడే ఉండాలి. ఇన్సులేషన్‌లో నిప్పు మెల్లగా రాజుకుంటుంది.

దారి

టైఫూన్ల కోసం టోక్యోలోని జపాన్ వాతావరణ సంస్థ బులెటిన్లు రోజూ గీసుకోండి. నావికులు వాడే 1-2-3 లెక్క తేలిక: 34 నాట్ల గాలి వ్యాపించే పరిధికి 24 గంటల అంచనాలో వంద మైళ్లు, 48 గంటలకు రెండు వందలు, 72 గంటలకు మూడు వందలు కలిపి, ఆ వలయంలోకి వెళ్లకుండా ఉండాలి. తైవాన్ జలసంధిలో తప్పించుకోవడానికి చోటు తక్కువ, లోపలికి వెళ్లే ముందే నిర్ణయించుకోవాలి. అలలకు ఎదురెళ్లేటప్పుడు ఓడ ఉన్నట్టుండి ముప్పై డిగ్రీలు ఊగడం మొదలుపెడితే, దిక్కో వేగమో వెంటనే మార్చండి, కాసేపు చూద్దాం అనుకోవద్దు. ప్రారంభోత్సవం తేదీ కోసం ఆఫీసు నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా తుపాను ముందు కెప్టెన్ మాటే చివరి మాట.

సింగపూర్ జలసంధిలో దొంగలు చాలావరకు చీకట్లోనే ఎక్కుతారు. వెనుక డెక్కు మీద దీపాలు, ఇద్దరు మనుషుల కాపలా, లోపలి నుంచి తాళాలు. దొంగ కనిపిస్తే అలారం మోగించండి, ఎదురెళ్లవద్దు.

ఆ తరువాత రెండు దారులు: ఎర్రసముద్రం మీదుగా, లేదా ఆఫ్రికా కొన చుట్టి. ఎర్రసముద్రంలో 2023 నవంబరు 19న గెలాక్సీ లీడర్ అనే వాహనాల ఓడను యెమెన్ హూతీలు హెలికాప్టరులో దిగి పట్టుకున్నారు, దాని సిబ్బంది 25 మందీ 2025 జనవరిలో కాని విడుదల కాలేదు. 2025 జులైలో వాళ్ల దాడుల్లో మరో రెండు ఓడలు మునిగాయి. మీ ఓడ ఐబీఎఫ్ ఒప్పందం (నావికుల సంఘాలకూ ఓడల యజమానులకూ మధ్య అంతర్జాతీయ ఒప్పందం) కింద ఉంటే, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి రానని చెప్పి కంపెనీ ఖర్చుతో ఇంటికి వెళ్లే హక్కు మీకుంది. ఒప్పందంలో అది ఉందో లేదో ఎక్కక ముందే చదవండి.

గుడ్ హోప్ అగ్రం చుట్టి వెళ్తే సింగపూర్ నుంచి రోటర్‌డామ్‌కు సుమారు 3,500 మైళ్లు ఎక్కువ, 15 నాట్ల మీద పది రోజులు. ఇంధనం, మంచినీళ్లు, మందులు, ఫిల్టర్లు ఆ లెక్కలోనే వేసుకోండి. డర్బన్ దాటాక అగుల్హాస్ ప్రవాహం నైరుతికి పరుగెత్తుతుంది. దానికి ఎదురుగా నైరుతి గాలి లేస్తే సముద్రపు లోతు ఒక్కసారిగా పెరిగే అంచున అసాధారణమైన అలలు పుడతాయి, అల ముందు సముద్రం గొయ్యిలా దిగిపోతుంది. ప్రవాహం ఊతంతో రెండు నాట్లు ఎక్కువ వస్తాయన్న ఆశ ఆ రోజు పనికిరాదు. బారోమీటరు పడిపోయి, ఈశాన్య గాలి ఆగిపోతే 200 మీటర్ల లోతు గీతకు లోపలి వైపు, తీరం దగ్గరికి జరగండి.

మధ్యధరా మీదుగా వెళ్లేవారికి ఒక చిన్న మాట: 2025 మే 1 నుంచి అక్కడ 0.10 శాతం గంధకం ఇంధనమే వాడాలి. కొత్త ఇంజిన్ మీద మొదటిసారి ఇంధనం మార్చడం తీరానికి దూరంగా, పగటిపూట చేయండి.

ఇంట్లోవారికి

ఇప్పుడు ఫోనులో ఓడ చుక్కగా కనిపిస్తుంది. మా అమ్మ ఉదయం దీపం పెట్టాక ఆ చుక్కను చూసుకునేది. ఒకసారి శ్రీలంక దక్షిణాన తొమ్మిది రోజులు చుక్క కదలలేదు. ఆమె ఆ తొమ్మిది రోజులూ సరిగా అన్నం తినలేదని తరువాత తెలిసింది. అందుకే చెబుతున్నాను. ఆ చుక్కకు ఆధారం ఓడ రేడియోలో పంపే సంకేతం, దాన్ని తీరంలోని స్టేషన్లు కొన్ని పదుల మైళ్ల దూరం వరకే వింటాయి. నడిసముద్రంలో ఉచిత యాప్‌లకు కొత్త సమాచారం అందదు. ప్రమాదకర ప్రాంతాల్లో కెప్టెన్ కావాలనే ఆపుతారు కూడా. చుక్క ఆగితే ఓడ ఆగినట్టు కాదు. బయలుదేరే ముందు ఇంట్లో కూర్చుని, ఏ రోజుల్లో ఫోను ఉండదో పంచాంగం మీద గుర్తు పెట్టి చూపించండి. కంపెనీ అత్యవసర నంబరు అక్కడే రాయండి. ఓడ ఎక్కడుందో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దని కూడా చెప్పండి.

చివరి రోజు

అలసట అప్పటికి ఎముకల్లో ఉంటుంది, ఇల్లు వచ్చేసిందన్న సంతోషం కళ్లను మూస్తుంది. ఆ రోజు వాచ్ అయినవాళ్లను వేడుకల అలంకరణ పనికి లేపవద్దు, నిద్రపోనివ్వండి. హీషమ్ ఉన్న మోర్‌కాంబ్ అఖాతంలో పెద్ద పోటు రోజుల్లో నీరు ఎనిమిది మీటర్లకు పైగా లేచి దిగుతుంది. కొత్త ర్యాంపు రేవు వంతెన మీద మొదటిసారి వాలే క్షణంలో దాని కింద ఎవరూ ఉండకూడదు. ఓడ రేవు గోడకు చేరేవరకు గొలుసులు విప్పకండి. చివరి తాడు బిగిసి, ఇంజిన్ ఆగాక ఇంటికి ఫోను చేయండి. అక్కడ అర్ధరాత్రి దాటినా సరే, ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.