ఏ దేశం ఏ ఐరోపాలోకి వస్తుంది? పట్టిక తప్పుల్లేకుండా వేయడం

ప్రాగ్ నగరం వియన్నాకు పడమరన ఉంది. ప్రాగ్ రేఖాంశం సుమారు 14.4 డిగ్రీల తూర్పు, వియన్నాది 16.4. అయినా ఐక్యరాజ్యసమితి గణాంకాల్లో చెకియా తూర్పు ఐరోపాలోనూ ఆస్ట్రియా పశ్చిమ ఐరోపాలోనూ కనిపిస్తాయి. అట్లాస్ ముందేసుకుని దేశాలను పంచడానికి కూర్చున్నవాళ్లు మొదట బోల్తా పడేది ఇక్కడే. పేర్లలో దిక్కులున్నాయి కానీ, గీతలు చాలావరకు ప్రచ్ఛన్న యుద్ధం నాటివి.

అందుకే పట్టిక దేనికోసమో ముందు తేల్చుకోండి. జనాభా, వాణిజ్యం వంటి అంకెలను పోల్చడానికైతే ఐక్యరాజ్యసమితి గణాంక విభాగం వాడే ఎం49 జాబితా తీసుకోండి. సమితిలో ఎన్నికలు, పదవుల పంపకం గురించైతే అదే సమితికి చెందిన ప్రాంతీయ బృందాల జాబితా కావాలి. ఈ రెండూ ఒకటే అనుకుంటే ఎస్టోనియా దగ్గరే లెక్క తప్పుతుంది: ఎం49లో అది ఉత్తర ఐరోపా, బృందాల్లో తూర్పు ఐరోపా. ఆరోగ్య గణాంకాలైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా ప్రాంతం వేరే ఉంది. అందులో 53 దేశాలు, మధ్య ఆసియా దేశాలూ ఇజ్రాయెల్ కూడా కలిపి. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏలో 55 సభ్య సంఘాలున్నాయి, వాటిలో కజకిస్తాన్ ఒకటి.

ఎక్కువమందికి పనికొచ్చేది ఎం49 కాబట్టి దాన్నే వివరంగా చూద్దాం. ఐరోపా మొత్తానికి కోడ్ 150. తూర్పుకు 151, ఉత్తరానికి 154, పశ్చిమానికి 155, దక్షిణానికి 039. మధ్య ఐరోపా అన్న గడే ఇందులో లేదు. పోలండ్, హంగరీ, చెకియా, స్లొవేకియా నాలుగూ తూర్పులోకే పోతాయి. వాటితోపాటు బెలారస్, బల్గేరియా, మోల్డోవా, రొమేనియా, రష్యా, ఉక్రెయిన్ కలిపి పది. ఉత్తరంలోనూ పదే: డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, మూడు బాల్టిక్ దేశాలు (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా), ఆపైన చాలామంది పశ్చిమంలో వేసేసే బ్రిటన్, ఐర్లాండ్. పశ్చిమంలో తొమ్మిది: జర్మనీ, ఫ్రాన్స్, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, మొనాకో, లీక్టెన్‌స్టైన్. దక్షిణంలో సమితి సభ్య దేశాలు 14, వాటికి వాటికన్‌ను కలపాలి. స్లొవేనియా, క్రొయేషియా, సెర్బియా అన్నీ ఇక్కడే. సెర్బియా పొరుగునే ఉన్న బల్గేరియా మాత్రం తూర్పు.

కూడి చూడండి: 10, 10, 9, 14 కలిస్తే 43, వాటికన్‌తో 44. మీకు 45 వచ్చిందంటే చాలావరకు సైప్రస్ దూరి ఉంటుంది. అది 2004 నుంచి ఐరోపా సమాఖ్య సభ్య దేశమే అయినా ఎం49లో పశ్చిమ ఆసియా. టర్కీ, జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్ కూడా అక్కడే. లెక్క 50 దాటితే జిబ్రాల్టర్, ఫారో దీవులు, జెర్సీ వంటి భూభాగాల వరుసలను కూడా దేశాలుగా లెక్కించారన్నమాట. ఎం49 వాటిని విడిగానే చూపిస్తుంది.

స్ప్రెడ్‌షీట్‌లో పెట్టేటప్పుడు కోడ్ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే 039 కాస్తా 39 అవుతుంది, అల్బేనియా 008 ఉత్త 8 అవుతుంది. రెండో ఫైలుతో జత కలిపినప్పుడు ఆ వరుసలు ఖాళీగా వస్తాయి, ఎందుకో వెంటనే తట్టదు కూడా. పేర్లతో జత కలపడం ఇంకా ప్రమాదం. 2019లో మాసిడోనియా ఉత్తర మాసిడోనియా అయింది, పాత ఫైళ్లలో చెకియా ఇంకా చెక్ రిపబ్లిక్‌గానే ఉంటుంది. కోడ్ మాత్రం పేరుతోపాటు మారలేదు. సెర్బియా నుంచి విడిపోయినట్టు ప్రకటించుకున్న కొసావోది మరో చిక్కు. ప్రపంచ బ్యాంకు అంకెల్లో అది విడి వరుసగా వస్తుంది, ఎం49లో దానికి కోడే లేదు. దాన్ని విడిగా ఉంచుతారో సెర్బియాలో కలుపుతారో మీరే నిర్ణయించుకుని పట్టిక కింద రాయండి. సెర్బియాలో కలిపేముందు మీ దగ్గరున్న సెర్బియా అంకెలో కొసావో అప్పటికే ఉందేమో చూసుకోండి.

రష్యా విషయంలో ఆగి ఆలోచించాలి. దాని విస్తీర్ణంలో సుమారు నాలుగింట మూడొంతులు ఉరల్ పర్వతాలకు అవతల, ఆసియాలో ఉంది. ఎం49 మాత్రం వ్లాదివొస్తోక్ దాకా దేశం మొత్తాన్నీ తూర్పు ఐరోపాలోనే వేస్తుంది. జనాభాకు ఇది పెద్దగా అడ్డు కాదు, రష్యన్లలో ఎక్కువమంది ఐరోపా వైపే ఉంటారు. విస్తీర్ణం, అడవులు, జనసాంద్రత పోల్చినప్పుడు మాత్రం తూర్పు ఐరోపా సగటు పనికిరాకుండా పోతుంది. అలాంటి పట్టికల్లో రష్యాతో ఒక వరుస, రష్యా లేకుండా ఒక వరుస వేయండి.

ఫ్రాన్స్‌తో వచ్చే తప్పు వేరు. ఫ్రాన్స్‌కు చెందిన దూరపు భూభాగాలు రీయూనియన్, గ్వాడలూప్, ఫ్రెంచ్ గయానాలను ఎం49 ఆఫ్రికా, కరీబియన్, దక్షిణ అమెరికా కింద చూపిస్తుంది. ఫ్రాన్స్ జాతీయ గణాంకాల్లో ఇవి కలిసే ఉండవచ్చు. ఒక అంకె అక్కడినుంచి, మరో అంకె ఇక్కడినుంచి తెస్తే ఆ జనం రెండుసార్లు లెక్కలోకొస్తారు. డెన్మార్క్, దానికి చెందిన గ్రీన్‌లాండ్‌ల మధ్య కూడా ఇదే చూసుకోవాలి. ఎం49లో గ్రీన్‌లాండ్ ఉత్తర అమెరికా.

పాత సంవత్సరాల అంకెలుంటే సరిహద్దులు ఏనాటివో రాయాల్సిందే. చెకోస్లొవేకియా 1993 జనవరి 1న విడిపోయింది, రెండు ముక్కలూ తూర్పులోనే ఉన్నాయి కాబట్టి ప్రాంతం మొత్తం మారదు. 1990 అక్టోబరు 3న కలిసిన జర్మనీ అలా కాదు. పాత పట్టికలో తూర్పు జర్మనీని తూర్పు ఐరోపాలో వేసి ఉంటే, ఆ ఏడాది ఒక ప్రాంతం హఠాత్తుగా కుంగి మరొకటి ఉబ్బినట్టు గ్రాఫ్ చూపిస్తుంది. అది చూసి వలసలనుకునేవాళ్లుంటారు. పట్టిక అడుగున జాబితా పేరు, దాన్ని తీసుకున్న తేదీ, మీరు చేసిన మార్పులు మూడు ముక్కల్లో రాసిపెట్టండి.