గాజు స్లైడుకి సైలేన్ పూత – 3వ పాఠం: ముంచడం

పోయిన పాఠంలో కడిగి ఆరబెట్టమన్న స్లైడ్లు సిద్ధమేనా? వేలిముద్రలు పడి ఉంటే మొహమాటపడకుండా మళ్లీ కడగండి.

ఇవాళ సైలేన్ (గాజుకి అతుక్కునే సిలికాన్ రసాయనం) సీసా తెరుస్తాం. 3-అమైనోప్రొపైల్‌ట్రైఈథాక్సీసైలేన్. ల్యాబులో ఇంత పేరు పలికే ఓపిక ఎవరికీ ఉండదు, ఏపీటీఈఎస్ అనేస్తారు. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది గానీ చర్మానికీ కళ్లకీ మంచిది కాదు, అందుకే గ్లవ్స్, కళ్లద్దాలు, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే అర) తప్పనిసరి. అసిటోన్ కూడా వాడతాం కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు.

అణువు మధ్యలో సిలికాన్. దానికి మూడు ఈథాక్సీలు (ఆక్సిజన్‌తో అతుక్కున్న రెండు కార్బన్ల ముక్కలు), ఇంకోవైపు మూడు కార్బన్ల తోక, తోక కొసన అమైన్ (నైట్రోజన్ ఉన్న గుంపు). చెమ్మ తగలగానే ఈథాక్సీలు ఈథనాల్‌గా ఊడిపోయి ఆ చోట హైడ్రాక్సిల్ (OH గుంపు) వస్తుంది, అది గాజు మీదున్న హైడ్రాక్సిల్‌తో కలిసి ఒక నీటి అణువుని వదిలేసి గట్టిగా అతుక్కుంటుంది. బొమ్మల్లో అమైన్లన్నీ వరినారులా నిటారుగా కనిపిస్తాయి, నిజానికి కొన్ని వంగిపోయి గాజునే పట్టుకుంటాయి. మిగిలినవి పీహెచ్ 7 దగ్గర ధనావేశంతో ఉంటాయి, కణజాలం మీద రుణావేశం ఎక్కువ, అందుకే పాథాలజీ వాళ్లు సెక్షన్లు (కణజాలం నుంచి కోసిన పల్చటి ముక్కలు) ఊడిపోకుండా ఈ పూత వేస్తారు.

98 మి.లీ. అసిటోన్‌లో 2 మి.లీ. సైలేన్ కలపండి. స్లైడ్లని 30 సెకన్లు ముంచి తీసి, రెండు గిన్నెల కొత్త అసిటోన్‌లో ఒకదాని తర్వాత ఒకటి జాడించి, డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్కసారి ముంచి, 37 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరనివ్వండి.

చిక్కంతా చెమ్మతోనే. అస్సలు లేకపోతే పని జరగదు, ఎక్కువైతే సైలేన్ గాజుని వదిలేసి తనలో తనే ముడిపడిపోతుంది. నేను మొదటిసారి చేసింది ముసురు రోజుల్లో, అదీ ఎప్పుడో మూత తీసి సరిగ్గా బిగించని పాత సీసాతో. కొత్తది కొనడానికి మనసొప్పలేదు మరి. స్లైడ్ల మీద పల్చటి గంజి ఆరినట్టు తెల్లటి పొర! కడగడం సరిగ్గా కుదర్లేదనుకుని సాయంత్రం దాకా తోముతూ కూర్చున్నాను, అది పోతేనా! కావలసినంత తీసుకుని వెంటనే మూత బిగించండి, మిగిలింది సీసాలో తిరిగి పోయకండి, కలిపిన ద్రావణాన్ని రేపటికి దాచకండి.

తెల్లారాక ఒక స్లైడు మీద నీటిచుక్క వేయండి, పక్కనే పూత లేని శుభ్రమైన స్లైడు మీద ఇంకోటి. పూత లేనిదాని మీద చుక్క పరుచుకుపోతుంది. పూత ఉన్నచోట కాస్త ఉబ్బి నిలుస్తుంది, అంతే. తామరాకు మీద బొట్టులా దొర్లాలని చూడకండి, అమైన్‌కి నీళ్లంటే పగ లేదు. అలా దొర్లాలంటే కొసన అమైన్ బదులు పొడవాటి హైడ్రోకార్బన్ తోక ఉన్న సైలేన్ కావాలి, అది 6వ పాఠంలో.

బాగా వచ్చిన స్లైడ్లు నాలుగు దుమ్ము పడకుండా డబ్బాలో పెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటి మీద గ్లూటరాల్డిహైడ్ (అమైన్లకి అతుక్కునే రసాయనం) ఎక్కిస్తాం.