రస్ట్ జెనరిక్స్: అడగని బౌండ్ ఎక్కడి నుంచి వచ్చింది?

రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో జెనరిక్ స్ట్రక్టులు రాయడం, వేర్ క్లాజు పెట్టడం వచ్చినవారి కోసమే ఇది రాస్తున్నాను. అన్నీ సరిగ్గానే రాసినట్టు కనిపిస్తున్నా, టీ అనే టైప్ పారామీటర్‌కు క్లోన్ లేదనో కాపీ లేదనో కంపైలర్ మొరాయిస్తుంటే ముందుగా ఎక్కడ చూడాలన్నది ఇక్కడి విషయం.

లక్షణం: ఈ 0277 (E0277 అనే ఎర్రర్ కోడ్), ట్రెయిట్ బౌండ్ కుదరలేదు

ఈ ఎర్రర్ అడుగున, టీకి ఫలానా బౌండ్ (ఆ ట్రెయిట్ ఉండి తీరాలనే షరతు) చేర్చి చూడమని కంపైలర్ తరచుగా ఒక సలహా ఇస్తుంది. పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని ఉన్నది ఉన్నట్టుగా అతికిస్తారు. అతికించిన బౌండ్ ఆ ఫంక్షన్‌తో ఆగదు. దాన్ని పిలిచే ప్రతి జెనరిక్ ఫంక్షన్ కూడా అదే బౌండ్ అడగవలసి వస్తుంది కనుక, మూడు ఫైళ్లు దాటేసరికి అది ఎందుకు వచ్చిందో రాసినవారికే గుర్తుండదు. కంపైలర్ సలహా తప్పని నేను అనడం లేదు. అయితే అది ఆ ఒక్క చోటును చూసి ఇచ్చిన సలహా.

అతికించే ముందు చేయవలసిన పని ఒక్కటే. ఫంక్షన్ లోపల ఆ ట్రెయిట్‌ను నిజంగా వాడుతున్న వరుస ఏది అని వెదకండి. అటువంటి వరుస దొరికితే బౌండ్ న్యాయమైనదే, చేర్చి ముందుకు సాగండి. దొరకకపోతే ఎర్రర్‌ను ఇంకొంచెం కిందికి జరిపి, ఏ ఇంప్లిమెంటేషన్ కోసం ఈ బౌండ్ అవసరమైందో చెప్పే నోట్ చదవండి. ఆ నోట్ చాలాసార్లు ఒక డిరైవ్ వరుసను (ట్రెయిట్ ఇంప్లిమెంటేషన్‌ను కంపైలర్ చేతే రాయించే వరుసను) వేలుపెట్టి చూపిస్తుంది. అర నిమిషం పట్టే ఈ పనిని మానేసి అరపూట పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

లక్షణం: ప్రతి ఇంప్ల్ బ్లాకులోనూ అదే బౌండ్ మళ్లీ మళ్లీ రాయవలసి వస్తోంది

బౌండ్‌ను స్ట్రక్ట్ నిర్వచనంలోనే పెట్టి ఉంటారు. అక్కడి నుంచి తీసి, దాన్ని వాడే మెథడ్లున్న ఇంప్ల్ బ్లాకుకు మార్చండి. ప్రామాణిక లైబ్రరీలోని హ్యాష్‌మ్యాప్ నిర్వచనంలో కీ మీద హ్యాష్, ఈక్ అనే షరతులు లేవు. ఇన్సర్ట్, గెట్ వంటి మెథడ్లున్న బ్లాకులో మాత్రమే ఉన్నాయి. పీకబుల్ లాగా, ఫీల్డు టైపే ఇటరేటర్ తాలూకు ఐటమ్ మీద ఆధారపడినప్పుడు మాత్రం నిర్వచనంలో బౌండ్ తప్పదు.

లక్షణం: సంఖ్య తప్ప ఏమీ లేని విలువ కూడా కాపీ కావడం లేదు

అసలు దొంగ ఇక్కడే ఉన్నాడు. ఐడీ అనే జెనరిక్ స్ట్రక్ట్‌లో రెండు ఫీల్డులున్నాయనుకుందాం: ఒకటి యూ64 సంఖ్య, రెండవది టీని గుర్తుపెట్టుకోవడానికి మాత్రమే ఉన్న ఫాంటమ్‌డేటా. వినియోగదారు ఐడీ, ఆర్డర్ ఐడీ ఒకదాని బదులు మరొకటి పోకుండా ఈ ఏర్పాటు. పైన క్లోన్, కాపీ, పార్షియల్‌ఈక్, ఈక్, హ్యాష్ అన్నింటినీ డిరైవ్ చేశారు. అయినా ఒకసారి ఫంక్షన్‌కు ఇచ్చిన ఐడీని మళ్లీ వాడితే, విలువ అప్పటికే తరలిపోయిందని ఈ 0382 వస్తుంది. హ్యాష్‌మ్యాప్‌కు దాన్ని కీగా పెడితే, మ్యాప్ ఖాళీగా తయారవుతుంది కానీ ఇన్సర్ట్ దగ్గర ఈ 0599 వస్తుంది.

డిరైవ్ ఒక మాక్రో. దానికి కనిపించేది రాసిన అక్షరాలే తప్ప టైపుల సమాచారం కాదు. ఫీల్డులకు టీ నుంచి ఏమి కావాలో దానికి తెలియదు కనుక, ఉన్న ప్రతి టైప్ పారామీటర్‌కూ అదే ట్రెయిట్‌ను షరతుగా పెట్టేస్తుంది. ఆ విధంగా వినియోగదారు టైపు కాపీ అయితేనే వినియోగదారు ఐడీ కాపీ అవుతుంది. ఫీల్డులను బట్టి షరతులు పెడితే బాగుండేది కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు లోపలి ప్రైవేటు ఫీల్డును మార్చినప్పుడల్లా బయటివారికి కనిపించే షరతులు కూడా మారిపోయే ప్రమాదం ఉంటుంది. 2015లో 1.0 వెలువడినప్పటి నుంచీ ఈ పద్ధతే కొనసాగుతోంది.

ఇంతవరకు ఎర్రర్ దగ్గరలోనే వచ్చింది కనుక ఫరవాలేదు. నన్ను ముంచినది దీని మరో రూపం. లోపల ఆర్క్ (థ్రెడ్ల మధ్య పంచుకోగల పాయింటర్) మాత్రమే ఉన్న హ్యాండిల్ అనే స్ట్రక్ట్‌కు క్లోన్ డిరైవ్ చేసి, ఒక జెనరిక్ ఫంక్షన్‌లో దాని రెఫరెన్సు మీద క్లోన్ పిలిచాను. టీకి క్లోన్ లేదు కనుక కంపైలర్ హ్యాండిల్ క్లోన్‌ను పక్కన పెట్టి, తరువాతి మెట్టులో రెఫరెన్సుకు సొంతంగా ఉన్న క్లోన్‌ను ఎంచుకుంది. అక్కడ ఎర్రర్ లేదు. నా చేతికి వచ్చింది కొత్త హ్యాండిల్ కాదు, పాత రెఫరెన్సుకు మరో ప్రతి. దాన్ని కొత్త థ్రెడ్‌లోకి పంపినప్పుడు, అరువు డేటా ఫంక్షన్ దాటి బయటికి పోతోందని ఈ 0521 వచ్చింది. నేను దాన్ని లైఫ్‌టైమ్ సమస్య అనుకుని, కనిపించిన ప్రతి చోటా స్టాటిక్ చేరుస్తూ ఒక రోజంతా గడిపాను. రిటర్న్ టైపు స్పష్టంగా రాసిన ఫంక్షన్ అయితే టైపులు కలవలేదని ఈ 0308 వచ్చేది, కొంత నయం.

అనుమానం వస్తే, చుక్క పెట్టి క్లోన్ పిలవడం మాని, క్లోన్ ట్రెయిట్ పేరుతో పూర్తి దారి రాసి రెఫరెన్సును ఆర్గ్యుమెంటుగా ఇవ్వండి. అసలు ఎర్రర్ ఆ వరుసలోనే బయటపడుతుంది.

పరిష్కారం: డిరైవ్ జాబితా నుంచి ఆ ట్రెయిట్లను తీసి, టీ మీద ఏ షరతూ లేకుండా ఇంప్ల్ చేత్తో రాయండి. హ్యాండిల్‌కు లోపలి ఆర్క్‌ను క్లోన్ చేస్తే సరిపోతుంది. ఐడీకి క్లోన్ మెథడ్ సెల్ఫ్‌ను డీరెఫరెన్స్ చేసి తిరిగి ఇస్తుంది, కాపీకి ఖాళీ ఇంప్ల్ చాలు; కాపీ ఉండాలంటే క్లోన్ తప్పనిసరి కనుక రెండూ రాయాలి. పార్షియల్‌ఈక్, హ్యాష్ రెండూ అదే సంఖ్యను చూడాలి. వాటిలో స్ట్రక్ట్‌ను మిగతా ఫీల్డులను వదిలేసే రెండు చుక్కలు (..) వాడకుండా ఫీల్డులుగా విప్పి రాస్తే, రేపు ఎవరైనా కొత్త ఫీల్డు చేర్చి ఇక్కడ మరచిపోయినప్పుడు కంపైలరే గుర్తుచేస్తుంది. చేత్తో రాయడం విసుగైతే డిరైవ్‌వేర్ క్రేట్ ఈ పని చేసిపెడుతుంది. ఐడీని వేరే థ్రెడ్‌కు పంపడానికి కంపైలర్ ఒప్పుకోకపోతే, ఫాంటమ్‌డేటాలో టీ బదులు టీని తిరిగి ఇచ్చే ఫంక్షన్ పాయింటర్ టైపు పెట్టండి.

చేయకూడనిది వినియోగదారు టైపుకే క్లోన్ చేర్చి ఎర్రర్‌ను నోరు మూయించడం. అందులో స్ట్రింగ్ ఉంటే కాపీ ఎలాగూ రాదు కనుక, యూ64 కోసం కోడంతా క్లోన్ పిలుపులతో నిండిపోతుంది.

మిగతావి

స్ట్ర్ లేదా స్లైసు టైపు దగ్గర పరిమాణం తెలియదంటే, టీకి చెప్పకుండానే ఉండే సైజ్డ్ షరతును ప్రశ్న గుర్తుతో సడలించండి. రెండు ఇంప్ల్‌లు ఢీకొంటున్నాయనే ఈ 0119 వస్తే చాలాసార్లు అన్ని టైపులకూ వర్తించే ఇంప్ల్ ఒకటి ఎక్కడో ఉంటుంది, దాన్ని కుదించండి. షరతులు ఒకదాన్నొకటి అడుగుతూ తెగని గొలుసుగా మారాయనే ఈ 0275 అరుదు. అప్పుడు రికర్షన్ పరిమితి పెంచవద్దు, చివరగా చేర్చిన బౌండ్‌ను తీసి చూడండి.