సీఎస్‌ఆర్ నిధికి దరఖాస్తు: బడ్జెట్ నుంచి మొదలుపెట్టండి

ఓ చిన్న సొసైటీ, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధితో 10 ప్రభుత్వ బడుల్లో చేతులు కడుక్కునే కుళాయిలు పెట్టించాలనుకుందనుకోండి. అలాంటప్పుడు చాలామంది సంస్థ చరిత్ర నాలుగు పేజీలు రాసి, బడ్జెట్ అంకెలు ఆఖరి రాత్రి వేస్తారు. దరఖాస్తు చదివే కంపెనీవాళ్లు మాత్రం ముందు తిప్పేది బడ్జెట్ పేజీయే.

కాగితాలు సరిగ్గా లేకపోతే మిగతాదంతా దండగ. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్-1 నంబరు (కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైతే వచ్చేది) లేని సంస్థకు కంపెనీ సీఎస్‌ఆర్ పని అప్పగించకూడదు. ఆదాయపు పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, ఇలాంటి పనుల్లో కనీసం 3 ఏళ్ల అనుభవం కూడా చూపాలి.

తర్వాత మధ్యాహ్న భోజనం వేళకు బడికి వెళ్లి లెక్కపెట్టండి. పిల్లలు 240 మంది, పనిచేసే కుళాయిలు 3 అయితే కుళాయికి 80 మంది. తలా అర నిమిషం పట్టినా 40 నిమిషాలు. ఇంకో 9 కుళాయిలు పెడితే అదే పని 10 నిమిషాల్లో అయిపోతుంది. ‘పరిశుభ్రత ఎంతో ముఖ్యం’ అనే పేరా తీసేసి ఈ లెక్క రాయండి. అవసరం, లక్ష్యం రెండూ అందులోనే ఉన్నాయి. ట్యాంకు ఎన్ని లీటర్లు, నీళ్లు ఎప్పుడొస్తాయి, మోటారు కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్నవీ అప్పుడే అడిగి రాసుకోండి. నీళ్లే రాని చోట కుళాయిలు పెట్టి ఏం లాభం?

బడ్జెట్‌లో ‘ప్రయాణాలు రూ.60,000’ అని ముద్దగా వేస్తే కోత ఖాయం. 10 బడులు × నెలకు 2 సార్లు × 12 నెలలు × రూ.250 అని విడదీస్తే కోయడానికి చోటుండదు. సామాను రేట్లకు మూడు కొటేషన్లు తీసుకుని, జీఎస్టీ కలిపే రాయండి. మరిచిపోతే ఆ తేడా సంస్థ నెత్తిన పడుతుంది. పాడైన కుళాయిలు మార్చడానికీ కొంత పెట్టండి. పాలనా ఖర్చు 5 శాతం దాటకూడదని భయపడి కోఆర్డినేటర్ జీతం ఎగ్గొట్టేవాళ్లున్నారు. ఆ పరిమితి కంపెనీ సొంత నిర్వహణ ఖర్చుకు, పని చేయించే మనిషి జీతానికి కాదు.

ప్రాజెక్టు ముగిశాక కుళాయిల బాగోగులు ఎవరు చూస్తారో తెలుపుతూ హెచ్‌ఎం, బడి కమిటీ సంతకాలతో లేఖ, విద్యాశాఖ అనుమతి జతచేయండి.

ఒక పేజీ సారాంశం అన్నిటికన్నా చివర రాయండి. పంపేముందు సారాంశంలో, బడ్జెట్‌లో, కవరింగ్ లెటర్‌లో మొత్తం ఒకటేనా అని సరిచూడండి. చివరి నిమిషంలో ఓ బడి తగ్గించి, లెటర్‌లో పాత అంకె వదిలేయడం మామూలే.