డిపార్ట్‌మెంట్ లైబ్రరీ రిజిస్టర్‌ని వెబ్‌సైట్‌గా మార్చడం ఎలా?

విశాఖలో యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లకు వెళ్తే, మెయిన్ లైబ్రరీ కాకుండా విడిగా రెండు మూడు బీరువాల పుస్తకాలు, వాటి పక్కన ఒక పొడుగాటి రిజిస్టర్ కనిపిస్తుంటాయి. అలాంటి ఒక డిపార్ట్‌మెంట్‌కి చిన్న వెబ్‌సైట్ చేసిపెట్టాను. అది రెండు ప్రశ్నలకు జవాబు చెబితే చాలు: ఈ పుస్తకం మన దగ్గర ఉందా? ఇప్పుడు లోపల ఉందా, బయటికి వెళ్లిందా?

కోడ్ రాయడానికి ముందు ఒక రోజంతా ఆ రిజిస్టర్ చూసుకునే మనిషి పక్కన కూర్చోండి. "మేడమ్, మీరు పుస్తకం ఇచ్చేటప్పుడు ఏమేం రాస్తారు?" అని అడిగి ఊరుకోకుండా, ఆవిడ రాస్తుంటే చూడండి. గళ్లలో ఉన్నదానికంటే పక్కన పెన్సిల్‌తో రాసినదే ముఖ్యం. నేను చూసిన రిజిస్టర్లో కొన్ని పేర్ల పక్కన "గైడ్ సంతకం" అని ఉంది. రీసెర్చ్ స్కాలర్లు గైడ్ సంతకం తెస్తే పుస్తకం ఎక్కువ రోజులు ఉంచుకోవచ్చట. ఆ నియమం నాకు ఎవరూ చెప్పలేదు, పెన్సిల్ రాత చెప్పింది.

తర్వాత తెల్లకాగితం మీద టేబుల్స్, అంటే సమాచారం దాచే పట్టికలు, గీయండి. అసలు పని ఇదే, ఇక్కడ తొందరపడొద్దు. ఒకే పుస్తకానికి అయిదు ప్రతులు ఉంటాయి. పుస్తకం పేరు, రచయిత అయిదుసార్లు రాస్తే ఒకచోట దిద్ది నాలుగుచోట్ల మర్చిపోతాం. అందుకే పుస్తకానికి ఒక టేబుల్, యాక్సెషన్ నంబరుతో (లైబ్రరీ ఒక్కో ప్రతికి విడిగా ఇచ్చే నంబరు) ప్రతులకు ఇంకో టేబుల్ ఉండాలి. మూడోది సభ్యులది. నాలుగోది ఇష్యూల టేబుల్: ఏ ప్రతి, ఎవరికి, ఏ రోజు ఇచ్చారు, ఎప్పటికి రావాలి, ఏ రోజు తిరిగి వచ్చింది. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ ప్రతి ఇంకా బయటే ఉన్నట్టు. "ఉంది, లేదు" అని వేరే గడి పెట్టకండి. పెడితే ఎప్పుడో ఒకరోజు రెండూ రెండు మాటలు చెబుతాయి.

సభ్యుల్ని పేరుతో గుర్తించొద్దు. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు వెనక, ఇంకొకరు పొడి అక్షరంతో సరిపెడతారు. లక్ష్మి అనే పేరుకే ఇంగ్లిష్‌లో రెండు మూడు స్పెల్లింగులు. రోల్ నంబర్ వాడండి, అదీ అంకెగా కాకుండా టెక్స్ట్‌గా. అంకె అనుకుంటే ఎక్సెల్ నుంచి తెచ్చేటప్పుడే ముందున్న సున్నాలు పోతాయి.

పాత తేదీల దగ్గర మరీ జాగ్రత్త. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది. అంత పాత చోట రిజిస్టర్లో సంవత్సరం "58" అని మాత్రమే ఉండొచ్చు. ఈ టేబుల్స్‌ని దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ రెండంకెల సంవత్సరాల్లో 00 నుంచి 69 వరకు ఉన్నవాటిని 2000 తర్వాతవిగా తీసుకుంటుంది. అంటే 1958లో కొన్న పుస్తకం 2058కి వెళ్లిపోతుంది. నాలుగు అంకెలూ ఎక్కించండి.

సాధనాలకు పెద్దగా ఆలోచించక్కర్లేదు. పేజీలు రాయడానికి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, సమాచారం దాచడానికి మైఎస్‌క్యూఎల్ చాలు. మీ కంప్యూటర్లో ఎక్సాంప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌కి బదులు దానిలాగే పనిచేసే మరియాడీబీ వస్తాయి. తెలుగు పేర్ల కోసం డేటాబేస్‌ని యూటీఎఫ్8ఎంబీ4లో (యూనికోడ్ అక్షరాలన్నీ దాచగల సెట్టింగ్) పెట్టండి. ఎవరైనా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసిన జాబితా ఇస్తే దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, లేకపోతే వెతికినా దొరకదు.

పేజీలు నాలుగు: వెతకడం, ఇవ్వడం, తీసుకోవడం, గడువు దాటినవి. విద్యార్థులు ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి వెతికే పేజీని ముందు ఫోన్‌లో పరీక్షించండి. పుస్తకం ఎవరి దగ్గరుందో మాత్రం అందరికీ చూపించకండి. "బయట ఉంది, ఫలానా తేదీకి రావాలి" అంటే చాలు. వెతికే పెట్టెలో ఎవరేం టైప్ చేసినా అది నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం) కలవకూడదు, ఆదేశాన్నీ టైప్ చేసినదాన్నీ విడివిడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు వాడండి. పాస్‌వర్డ్‌లను హాష్ చేసి, అంటే తిరిగి చదవడానికి వీల్లేని రూపంలోకి మార్చి, దాచండి.

ఇక బ్యాకప్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఏం చేసిందో చూసినవాళ్లకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. సర్వర్ ఉన్న గదిలోనే పెన్‌డ్రైవ్ పెట్టి దాన్ని బ్యాకప్ అనుకోవద్దు. రోజూ రాత్రి ఒక కాపీ తీసి, అది వేరే ఊళ్లో ఉండే సర్వర్‌కి చేరేలా చూడండి. నెలకోసారి ఆ కాపీని ఖాళీ కంప్యూటర్లో తెరిచి, పుస్తకాల సంఖ్య సరిపోయిందో లేదో లెక్కపెట్టండి.

సైట్ మొదలైన రోజే రిజిస్టర్ మూయకండి. ఒక నెల రెండూ నడపండి. రిజిస్టర్ చూసుకునే ఆవిడకు అది రెట్టింపు పని, కాబట్టి మధ్యాహ్నాలు మీరే వెళ్లి ఎంట్రీలు చేసిపెట్టండి. సాయంత్రం రెండు లెక్కలూ కలిపి చూడండి. వరుసగా రెండు వారాలు తేడా రాకపోతే అప్పుడు రిజిస్టర్ని బీరువాలో భద్రపరచండి. పారేయొద్దు, ఆ పెన్సిల్ రాతలన్నీ మనం ఇంకా చదివి ఉండం.