వైరస్ ఉందా, యాంటీవైరసే సమస్యా?

పోయిన ఆదివారం పొద్దున్నే మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, కంప్యూటర్ నిండా వైరస్‌లేట్రా! మంచి యాంటీవైరస్ ఒకటి చెప్పు, కొనేస్తాను" అంది. "కొనడం తర్వాత పిన్నీ, ముందు స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో ఫొటో తీసి పంపు" అన్నాను. ఫొటో చూస్తే వైరస్ లేదు, పాడూ లేదు.

చుట్టాలిళ్లలో కంప్యూటర్లు చూసీ చూసీ నాకు తెలిసిందేమిటంటే, యాంటీవైరస్ లేక వచ్చే ఇబ్బందులు తక్కువ. రెండు మూడు పెట్టుకోవడం వల్లో, గడువు తీరినదాన్ని తీసేయకపోవడం వల్లో వచ్చేవే ఎక్కువ. కాబట్టి కొనే ముందు లక్షణం చూడండి. ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 గురించి.

కింద కుడి మూల "5 వైరస్‌లు ఉన్నాయి" అని అస్తమానం వస్తోంది

పిన్ని పంపిన ఫొటో ఇదే. ఎర్ర గుర్తు, ఓ పేరున్న యాంటీవైరస్ బొమ్మ, "ఇప్పుడే క్లీన్ చేయండి" అని బటన్. దాని కిందే చిన్న అక్షరాల్లో క్రోమ్ అనీ, ఊరూ పేరూ లేని ఒక వెబ్‌సైట్ అడ్రసూ ఉన్నాయి. దొంగ దొరికేది అక్కడే. ఎప్పుడో సీరియల్ చూడ్డానికి ఒక సైట్ తెరిచి ఉంటుంది. "మీరు రోబో కాదని తేలాలంటే అలో నొక్కండి" అంటే నొక్కి ఉంటుంది. దాంతో ఆ సైట్‌కి నోటిఫికేషన్లు పంపే పర్మిషన్ ఇచ్చేసినట్టే. వచ్చేవి ఉత్త ప్రకటనలు. కాకపోతే వాటిని నొక్కితే మాత్రం నిజంగానే ఇరుక్కుంటాం.

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి, అక్కడి నుంచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో మీకు తెలియనివన్నీ తీసేయండి. పిన్ని కంప్యూటర్‌లో పదకొండు ఉన్నాయి. తీసేశాక గోల ఆగిపోయింది, ఖర్చు సున్నా.

స్క్రీన్ మొత్తం బిగుసుకుపోయి, మోత మోగుతూ, ఫోన్ నంబర్ చూపిస్తోంది

ఇది మోసగాళ్ల వెబ్ పేజీ. మైక్రోసాఫ్ట్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోండి. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అంటే వద్దనండి.

ఆ నంబర్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ (దూరం నుంచే మీ కంప్యూటర్ నడిపే యాప్) కూడా వేసుకుని ఉంటే కథ వేరు. ముందు నెట్ తీసేయండి. బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో మార్చండి, దీన్నుంచి కాదు.

యాంటీవైరస్ వేసినప్పటి నుంచి సిస్టమ్ నత్తలా నడుస్తోంది

ఎక్కువమంది చెప్పేది ఇదే. కారణాలు రెండు మూడు ఉంటాయి కాబట్టి వరసగా చూడాలి.

మొదట, ఒకే ఇంట్లో ఇద్దరు కాపలాదార్లు ఉన్నారేమో చూడండి. విండోస్‌తో పాటే డిఫెండర్ అనే యాంటీవైరస్ వస్తుంది. విండోస్ 8 కాలం నుంచీ అది పూర్తి స్థాయి యాంటీవైరసే. మీరు ఇంకో కంపెనీది వేస్తే డిఫెండర్ మామూలుగా తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. గొడవంతా బయటివి రెండు ఉంటేనే. దుకాణం అబ్బాయి వేసినది ఒకటి, పిల్లాడు ఫ్రీగా దించుకున్నది ఇంకొకటి. ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఒకటి తనిఖీ చేస్తుంటే దాని వెనకే రెండోదీ తనిఖీకి దిగుతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరిచి ఒక్కటే ఉంచండి, మిగతావి తీసేసి రీస్టార్ట్ చేయండి. మామూలుగా పోకపోతే ఆ కంపెనీ సైట్‌లోనే దాన్ని పూర్తిగా తుడిచేసే టూల్ ఉంటుంది.

ఒక్కటే ఉన్నా స్లోగా ఉందా? టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అన్న వరస చూడండి. ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉండి, లోపల ఉన్నది తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే, ఏ యాంటీవైరస్ మార్చినా ఒరిగేది లేదు. యాంటీవైరస్‌కి కట్టే డబ్బు దాచుకుని ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, వేగంగా పనిచేసే డిస్క్) వేయించుకోండి. మా బావ ఏళ్ల తరబడి ఏటా ఒక యాంటీవైరస్ మారుస్తూ వచ్చాడు. చివరికి డిస్క్ మార్పిస్తేగానీ టెన్షన్ తీరలేదు.

"మీ గడువు ముగిసింది, మీరు ప్రమాదంలో ఉన్నారు"

కొత్త ల్యాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ గడువు తీరింది. డబ్బు కట్టాలనేం లేదు. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ మళ్లీ పనిలోకి వస్తుంది. విండోస్ సెక్యూరిటీ యాప్ తెరిచి వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ దగ్గర పచ్చ టిక్కు ఉందో లేదో చూసుకోండి.

మొన్ననే కట్టినా ఇదే మాట వస్తుంటే, లేదా అప్‌డేట్లు అస్సలు దిగకపోతే, గడియారం చూడండి. స్విచ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయినట్టు. రూపాయి బిళ్లంత ఉంటుంది, డెస్క్‌టాపుల్లో ఎక్కువగా వాడేది సీఆర్2032. మార్చి తేదీ సరిచేస్తే సరి.

జిరాక్స్ షాపు నుంచి వచ్చాక పెన్‌డ్రైవ్‌లో అన్నీ షార్ట్‌కట్‌లే

ఈసారి నిజంగానే వైరస్. మీ ఫైళ్లు మామూలుగా అందులోనే ఉంటాయి, దాక్కుని ఉంటాయి అంతే. ఆ షార్ట్‌కట్‌ని డబుల్ క్లిక్ చేశారా, వైరస్ మీ కంప్యూటర్‌లోకి దిగినట్టే. అందుకని ముందు పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్కు కూడా తీసేయండి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్ కనిపిస్తుంది, మీ సరుకంతా దాని లోపలే ఉంటుంది. మీ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేయండి. ఈసారి ప్రింటవుట్‌కి ఫైల్‌ని మెయిల్‌లో పంపించుకోండి.

డిఫెండర్ ఆన్ చేసినా ఆన్ కావట్లేదు

ఇలా అన్నవాళ్లను నేను మొదట అడిగేది, "ఏమైనా క్రాక్ వేశారా?" అని. అంటే డబ్బు కట్టాల్సిన సాఫ్ట్‌వేర్‌ని దొంగతనంగా తెరిచే ప్రోగ్రామ్. ఒక్క క్షణం మౌనం, తర్వాత "ఎంఎస్ ఆఫీస్ కోసం..." అని జవాబు. క్రాక్‌తో వచ్చే సూచనల్లో మొదటిదే యాంటీవైరస్ ఆపేయమని. దొంగకి తాళం మనమే తీసిస్తున్నాం. దాని వెంట పాస్‌వర్డ్‌లు దోచేవి, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగేవి కూడా రావచ్చు.

క్రాక్ తీసేసి, విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్ కింద ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. విండోస్ మొదలవక ముందే, వైరస్ నిద్ర లేవక ముందే వెతుకుతుంది, పావుగంట పట్టొచ్చు. అప్పటికీ ఆన్ కాకపోతే ఫొటోలు, కాగితాలు బయటకు తీసుకుని విండోస్ కొత్తగా వేయించుకోవడమే. ఫైళ్లకు ఇప్పటికే తాళం పడి ఉంటే డబ్బు కట్టే ముందు 'నో మోర్ ర్యాన్సమ్' సైట్ చూడండి. 2016లో యూరోపోల్, డచ్ పోలీసులు, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి మొదలుపెట్టారు. కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి.

ఇంతకీ కొనాలా?

అప్‌డేట్లు ఆపకుండా, క్రాక్‌ల జోలికి పోకుండా ఉండే ఇంటికి డిఫెండర్ చాలు, నా ఇంట్లో ఉన్నది అదే. పిల్లలు ఏది పడితే అది నొక్కే ఇల్లయితే, ఒక్క ఖాతాతో నాలుగైదు పరికరాలు చూసుకోవాలంటే కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు యాంటీవైరస్‌లను పరీక్షించే సంస్థలు, జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ ఇచ్చే ఫలితాలు చూడండి. ఏవీ-టెస్ట్ రక్షణకు, వేగానికి, వాడుకకు ఆరేసి చొప్పున 18 మార్కులకు లెక్కేస్తుంది. మొదటి ఏడాది ధర కాకుండా రెన్యువల్ ధర చూడండి, ఆటో రెన్యువల్ ఆపేయండి. మన దేశపువే కావాలంటే పుణెకి చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 ఉన్నాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట: అక్కడి ప్రభుత్వం 2024లో కాస్పర్‌స్కీ యాంటీవైరస్ అమ్మకాలనూ అప్‌డేట్లనూ నిషేధించింది.

ఫ్రీ అంటే పూర్తిగా ఫ్రీ అనుకోకండి. వినియోగదారుల బ్రౌజింగ్ సమాచారం అమ్మిందన్న కేసులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది, అది కూడా 2024లోనే.

ఇంకా విండోస్ 10లోనే ఉన్నవాళ్లు ముందు 11కి మారే దారి చూడండి. 10కి మామూలు సపోర్ట్, అంటే లోపాలు పూడ్చే ఉచిత అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. గోడకు కన్నం ఉన్నప్పుడు తలుపు దగ్గర ఎంత ఖరీదైన కాపలా పెట్టి ఏం లాభం?

ఏది పెట్టుకున్నా అది మేలుకునే ఉందో లేదో చూడ్డానికి ఐకార్ అనే పరీక్ష ఫైల్ ఉంది. 68 అక్షరాల ఉత్త టెక్స్ట్, హాని ఏమీ చేయదు. ఐకార్ సంస్థ సైట్ నుంచి దించితే యాంటీవైరస్ వెంటనే కేకేసి పట్టుకోవాలి. చడీచప్పుడూ లేకుండా సేవ్ అయిపోయిందంటే రియల్ టైమ్ ప్రొటెక్షన్ (ఎప్పటికప్పుడు కనిపెట్టే కాపలా) ఆఫ్‌లో ఉందేమో చూడండి. పిన్ని కంప్యూటర్‌లో పట్టుకుంది. "చూశావా, వైరస్ ఉందన్నాగా!" అంది.