చూసి రాయడం – 4వ పాఠం: పక్క పడవ

పోయిన పాఠంలో, కథకి పాత్ర కోసం మనుషుల్ని గమనిస్తూ విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో ఒకే బెంచీ మీద గంటసేపు కూర్చోమన్నాను. అక్కడ ఒక చిక్కుంది. మనం కళ్ళజోడు దగ్గరే ఆగి చూస్తుండగా పాత్ర కాస్తా లేచి అనకాపల్లి బస్సెక్కేస్తుంది. ఈసారి ఎక్కడికీ పోని మనుషులు కావాలి. అందుకని చేపల రేవుకి వెళదాం.

మెరీనా, అంటే పడవలు కట్టుకునే చోటు, అనగానే తెల్ల తెరచాపల యాట్లు (షికారు పడవలు) గుర్తొచ్చేవాళ్ళు ఉంటారు. విశాఖలో నాకు పడవల వాడంటే ఇదే. డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడే దూరంలో, డీజిలు వాసనా చేపల వాసనా కలిసి కొట్టే చోటు. వేసవిలో వెళితే మరీ మంచిది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట ఆపేస్తారు. ఒకప్పుడు 47 రోజులుండేది, 2015 నుంచి 61 రోజులైంది. ఆ రోజుల్లో పడవలన్నీ ఇంటిపట్టున ఉంటాయి. రంగులేసేవాళ్ళు, ఇంజను విప్పి గుడ్డ మీద పరిచేవాళ్ళు, నీడ చూసుకుని వల బాగుచేసుకునేవాళ్ళు. కాంప్లెక్సులో గంట దొరకని మనిషి ఇక్కడ రెండు నెలలు దొరుకుతాడు.

ముందు పడవలు కట్టిన తీరు చూడండి. జెట్టీకి తగిలి ఉండేది ఒక్కటే. దానికి ఇంకోటి, దాన్ని పట్టుకుని మరోటి. మధ్యలో పాత టైర్లు నలుగుతుంటాయి. ఐదో పడవలో కళాసీ టీ తాగడానికి ఒడ్డుకి రావాలంటే నాలుగు పడవల మీంచి, నాలుగు అన్నం గిన్నెలు దాటుకుంటూ రావాలి. అపార్టుమెంట్లో పక్క ఫ్లాటాయన పేరు తెలియకుండా పదేళ్ళు గడిపేయొచ్చు. ఇక్కడ పక్క పడవలో ఇవాళ కూరేమిటో, ఉప్పెక్కువైందని ఎవరు అలిగారో కూడా తెలుస్తుంది. మన పాఠం ఈ దగ్గరితనం మీదే.

నోటు పుస్తకంలో పేజీకి మధ్యన నిలువు గీత గీయండి. ఎడమవైపు కంటికి కనబడ్డది. కుడివైపు మీకు తోచింది. ఎడమవైపు రాయకుండా కుడివైపు ఒక్క అక్షరం రాయకూడదు. నియమం ఇంతే, కానీ పాటించడం కష్టం. ‘పేద జాలరి’ అని ఎడమవైపు రాసేశారనుకోండి, తప్పు. పేదరికం కంటికి కనబడదు. కనబడింది నాలుగు పళ్ళు విరిగిన దువ్వెన, అది పోకుండా వీల్‌హౌస్ (పడవ నడిపే గది) కిటికీకి కట్టిన దారం. పేదవాడా, పొదుపరా, లేక ఆ దువ్వెనంటే ఇష్టమా అన్నది కుడివైపు సంగతి.

పడవ ముందు భాగం మీద చదవడానికి చాలా ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరులో ఏపీ అని ఉంటే మనది, టీఎన్ అని ఉంటే తమిళనాడుది. పక్కన నూకాలమ్మో దుర్గమ్మో, కొన్నిటి మీద సిలువ. ఆడపిల్ల పేరు కనబడిందా, చటుక్కున ‘కూతురి మీద ప్రేమ’ అని రాసుకుంటాం. అప్పిచ్చినాయన కూతురి పేరేమో! పడవ కొనడమంటే మాటలు కాదు కదా.

ఈ తొందరలో నేనూ ఒకసారి బోర్లా పడ్డాను. ఒక సోనా బోటు (వల ఈడ్చుకుంటూ వేటాడే ఒకరకం మరపడవల్ని ఇక్కడ అలా అంటారు) ముక్కు దగ్గర చిన్నపిల్లల చెప్పు ఒకటి వేలాడుతోంది. ఒకటే, ఎడమ కాలిది, ఎర్ర పట్టీ. అంతే, నాకు కళ్ళు చెమర్చాయి. బిడ్డని పోగొట్టుకున్న డ్రైవరు, వేటకెళ్ళిన ప్రతిసారీ ఆ చెప్పుని వెంట తీసుకెళ్ళే తండ్రి. ఇంటికొచ్చి పదకొండు పేజీలు రాశాను. మర్నాడు ఆ పడవ మీదే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నన్ను చూసి, “ఏటి బాబూ, నిన్నట్నుంచి రాసేస్తన్నావు?” అన్నాడు. చెప్పు గురించి అడిగాను. “అదా! దిష్టికి కట్టేం. ఒడ్డున దొరికింది” అని మళ్ళీ వల్లో పడిపోయాడు.

లారీల వెనక దిష్టి చెప్పులు చూస్తూ పెరిగినవాణ్ణే. పడవ మీద కనబడేసరికి తెలివి ఏమైపోయిందో! తర్వాత చూద్దును కదా, దాని పక్కనే ఎండిన నిమ్మకాయా మిరపకాయలూ ఉన్నాయి. ముందురోజూ ఉండే ఉంటాయి. కన్నీటి కథకి అడ్డమని నా కళ్ళు వాటిని దాటేశాయి. అందుకే ఒక వస్తువు చూస్తే దాని చుట్టూ జానెడు దూరంలో ఏమున్నాయో కూడా రాయమంటాను. పదకొండు పేజీలూ చించేశాను గానీ “ఒడ్డున దొరికింది” అన్న మాట దాచుకున్నాను. కథంటూ ఉంటే అందులోనే ఉంది. అది ఎవరి చెప్పు, రెండోది ఎక్కడ?

ఇప్పుడు ఊహించడం. ఒక పడవ వీల్‌హౌస్‌లో మేకుకి తెల్ల చొక్కా వేలాడుతోందనుకుందాం. ఇస్త్రీ చేసింది, పాలిథిన్ కవరు తొడిగింది. చుట్టూ గ్రీజు మరకల లుంగీలు. ఎవరిది? మొదట తోచే జవాబు ‘పెళ్ళి’. దాన్ని పారేయండి. మొదటి జవాబు సినిమాలు మనకిచ్చింది, మనది కాదు. రెండోది ‘బ్యాంకు పని’. పర్వాలేదు, ఉంచండి. మూడోదాని కోసం కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ చొక్కా ఇప్పుడు పడవలో ఉన్న ఎవరిదీ కాకపోవచ్చు. పని మానేసి ఊరెళ్ళిన కుర్రాడిది, వస్తాడేమోనని తియ్యకుండా ఉంచారు.

బాగుంది కదా! ఇక్కడే ఆగిపోతే మళ్ళీ నా ఎర్ర చెప్పు కథే. ఎడమవైపుకి తిరిగి వెళ్ళాలి. కవరు మీద దుమ్ముందా? రేవులో దుమ్ము, ఉప్పుగాలి కలిసి కవరుని తొందరగా మసక చేస్తాయి. కవరు తళతళలాడుతుంటే చొక్కా ఈ వారమే వచ్చింది, కుర్రాడి కథ చెల్లదు, బ్యాంకు గెలిచింది. చూసిందాన్నుంచి ఒక్క అడుగు ముందుకి, మళ్ళీ వెనక్కొచ్చి చూడటం. రెండడుగులు ఒకేసారి వేస్తే నీళ్ళలో పడతాం, పడవల మధ్య నడిచేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఊహ అస్సలు వద్దనే చోటు కూడా ఒకటుంది. 2023 నవంబరు 19 రాత్రి ఈ రేవులో మంటలు లేచాయి. పక్కపక్కన కట్టి ఉన్నవి కావడంతో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుని పదుల కొద్దీ పడవలు కాలిపోయాయి. డీజిలూ వంట గ్యాసు సిలిండర్లూ మంటకి తోడయ్యాయి. కూర వాసన మోసుకొచ్చే దగ్గరితనమే ఆ రాత్రి నిప్పునీ మోసింది. కాలిన చెక్క ముక్క కనబడితే దాని మీద కథ కట్టొద్దు. ఆ రాత్రి ఉన్నవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు, చెబితే వినండి, చెప్పకపోతే వాళ్ళ ఇష్టం.

ఈ వారం పని. మూడు రోజులు, రోజుకో గంట, ఒకే పడవ. మొదటి రోజు మనుషుల్ని చూడొద్దు, వస్తువులే. రెండో రోజు చేతులు మాత్రం చూడండి. ముడి వేసే చేయి, ఉల్లిపాయ తరిగే చేయి, ఫోను పట్టుకుని ఊరికే ఉన్న చేయి. మూడో రోజు పలకరించి ఒక్క ప్రశ్న అడగండి, మీ ఊహల్లో ఎన్ని కొట్టేయాలో లెక్కపెట్టండి. సగానికి పైగా పోతే పాఠం వచ్చినట్టే. ఫోను ఎత్తి ఫొటోలు తియ్యొద్దు, మీ ఇంటి అరుగు మీద ఎవరైనా తీస్తే ఊరుకుంటారా? వేట సాగే రోజుల్లో వెళితే తెల్లవారుజామున వేలంపాట వేళ దారికి అడ్డం నిలబడకండి, ఐసు బళ్ళవాళ్ళు మొహమాటపడరు. చెప్పులు మాత్రం పాతవి వేసుకెళ్ళండి. ఒకటి జారి నీళ్ళలో పడినా, కొన్నాళ్ళకి ఏ పడవకో దిష్టి కాస్తుంది.